హిరానో గారితో లింగంపల్లి పాసింజర్

నాకు భయం ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే రకం. రోడ్డు దాటేటప్పుడు పక్కవాళ్ల చెయ్యి పట్టుకునే అలవాటు ముప్ఫై దాటినా పోలేదు. అలాంటి నాకు, తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తున్న రోజుల్లో, ఒక జపాన్ పెద్దమనిషిని పాసింజర్ రైలెక్కించాల్సి వచ్చింది. సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి దాకా లోకల్ రైల్లో పోవాలనుకునేవాళ్లు, ముఖ్యంగా మన భాష రాని అతిథిని వెంటబెట్టుకుని పోవాలనుకునేవాళ్లు, ఇది చదివి బయల్దేరితే మంచిది.

ఆయన పేరు హిరానో. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండేవారు. టోక్యో శివార్ల నుంచి నగరంలోకి జనాన్ని మోసే ఒక ప్రైవేటు రైలు లైనులో టైంటేబుళ్లు తయారుచేసే విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపారు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీల దగ్గర తికమకపడతాయని ప్రపంచమంతా కంగారు పడుతున్న కాలమది. వాళ్ల టైంటేబుల్ ప్రోగ్రామును సరిచూసే పని మా ఆఫీసుకు వచ్చింది, అది ఎలా సాగుతోందో చూడటానికి ఆయన వచ్చారు. కొన్నాళ్లు జపనీస్ క్లాసుకు వెళ్లానన్న పాపానికి ఆయన బాధ్యత నాకు అప్పగించారు. నిజానికి నాకు వచ్చినవి పలకరింపులు, కృతజ్ఞతలు, తిండికి సంబంధించిన నాలుగు ముక్కలు. మిగతా మాటలన్నీ మేమిద్దరం పొడిపొడి ఇంగ్లీషులోనే నడుపుకున్నాం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఒక రోజు సాయంత్రం ఆయన మా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడనీ, దాని ముందు బారులు తీరిన స్కూటర్లనీ చూస్తున్నారు. "వీళ్లంతా ఏ లైనులో వస్తారు?" అని అడిగారు. ఏ లైనూ లేదనీ, స్కూటర్లు, ఆటోలు, కూకట్‌పల్లి నుంచి కిక్కిరిసి వచ్చే బస్సులేననీ చెప్పాను. "మా దగ్గర ముందు లైను వేశారు. తర్వాత ఇళ్లు వచ్చాయి. ఇలాంటి మేడలు ఆఖరున వచ్చాయి. మీరు ఆఖరుది ముందు కట్టారు" అన్నారు. దగ్గర్లో అసలు రైలే లేదా అంటే, ఉందనీ, నిజాం కాలంలో వాడి జంక్షన్ వైపు వేసిన లైను హఫీజ్‌పేట మీదుగా పోతుందనీ నోరు జారాను. మర్నాటి నుంచి రోజూ అదే మాట, ఎప్పుడు చూపిస్తారు అని.

మా మేనేజరుకు ఇష్టం లేదు. "ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి ఫొటో తీయించి తీసుకొచ్చెయ్యి సుజాతా, ఎక్కించకు. ఆయనకేమన్నా అయితే పని సంగతి తర్వాత, వాళ్లింట్లో వాళ్లకి మనం ఏమని చెప్తాం?" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ రైలుదాకా వెళ్లి ఎక్కకుండా రావడమంటే హోటల్‌కి వెళ్లి మెనూ చదివి వచ్చినట్టేనని హిరానో గారు చాలా మర్యాదగా అన్నారు. ఆ మర్యాదకు నేను కాదనలేకపోయాను. ఆయన ప్రాణం నా చేతిలో ఉందన్న ఆలోచన మాత్రం ఆ క్షణం నుంచి నన్ను వదల్లేదు.

శనివారం మధ్యాహ్నం భోజనం చేసి మూడింటికి ముందే బయల్దేరాం. ఆఫీసు కిరాయికి పెట్టుకున్న అంబాసిడర్, డ్రైవర్ యాదగిరి. అతనిది కొత్తగూడ, మేం ఆఫీసులు కట్టుకున్న చోట ఒకప్పుడు జొన్నలు పండించిన మనిషి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పంజగుట్ట, బేగంపేట మీదుగా సికింద్రాబాద్ స్టేషన్‌కు దాదాపు గంట పట్టింది. మమ్మల్ని రైలెక్కించి, యాదగిరి కారు తీసుకుని లింగంపల్లి స్టేషన్ బయట ఉండాలన్నది ఏర్పాటు.

దారిలో హిరానో గారు తన లైను కథ చెప్పారు. అది మనుషుల కోసం వేసింది కాదట. నది ఒడ్డున దొరికే కంకరను నగరానికి చేర్చడానికి వేశారట. కంకర బండ్ల చివర ఒక పెట్టె తగిలిస్తే పల్లెటూళ్ల వాళ్లు ఎక్కేవారు. తర్వాత కంపెనీ వాళ్లకు అసలు లాభం భూమిలో ఉందని తెలిసింది. లైను పక్కన గుట్టలు కొని, చదును చేసి, ఇళ్లు కట్టి అమ్మారు. ఆ ఇళ్లవాళ్లు కొనుక్కోవడానికి నగరం వైపు చివరి స్టేషన్లో పెద్ద దుకాణం పెట్టారు. ఆదివారాలు బండ్లు ఖాళీగా పోతున్నాయని రెండో కొసలో పిల్లల పార్కు కట్టారు. "ఇంట్లోంచి బయటికి రావడానికి జనానికి మేమే కారణాలు తయారుచేశాం" అని నవ్వారు. ఇప్పుడు అన్ని స్టేషన్లలో ఆగే బండి, కొన్నింట్లోనే ఆగే బండి, చాలావాటిని వదిలేసి పోయే బండి అని మూడు రకాలు. నెమ్మది బండి ఒకచోట పక్కకు తప్పుకుని ఆగితే, వేగం బండి వచ్చి ఎదురు ప్లాట్‌ఫారం మీద నిలుస్తుంది. జనం నాలుగడుగులు వేసి ఇందులోంచి అందులోకి మారిపోతారు. ఆ నాలుగడుగులకు ఎంతసేపు ఇవ్వాలో లెక్కకట్టడమే ఆయన ఉద్యోగం. బండి ఆలస్యమైతే స్టేషన్లో చిన్న చీటీ ఇస్తారట, ఆలస్యం మాదే, ఈయనది కాదు అని. అది ఆఫీసులో చూపిస్తే ఎవరూ ఏమీ అనరు.

యాదగిరికి ఈ చివరి ముక్క తెలుగులో చెప్పాను. "గట్ల చీటీలిస్తే మన దిక్కు కాయితం సాల్తదా మేడం?" అన్నాడు. ఆ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అక్కడే.

స్టేషన్లో టికెట్లు ఇద్దరికీ కలిపి ఇరవై రూపాయలు కూడా కాలేదు. వికారాబాద్ వైపు పోయే పాసింజర్, డీజిల్ ఇంజను. మామూలు పెట్టెలన్నీ శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు తిరిగి పోయే పాలవాళ్లతో నిండి ఉన్నాయి. కిటికీలకు ఖాళీ పాలక్యాన్లు వేలాడుతున్నాయి, తలుపు దగ్గరా క్యాన్లే. నాకు కాలుపెట్టే సందు దొరకలేదు. హిరానో గారికి మాత్రం వాళ్లు ఒక క్యాను బోర్లించి, తువ్వాలు పరిచి ఆసనం ఏర్పాటు చేశారు. "మీరు ఆడవాళ్ల పెట్టెకు వెళ్లండి. యుద్ధం తర్వాత మా ఊళ్లోనూ విడిగా ఉండేది, మా అమ్మ అందులోనే ఎక్కేది" అన్నారాయన. ఆడవాళ్ల పెట్టె బండి చివర ఉంది. మనం దిగాల్సింది లింగంపల్లిలో అని ఆయనకు రెండుసార్లు చెప్పాను. ఆయన ఊరిపేరు పట్టించుకున్నట్టు లేదు. "ఎన్నింటికి?" అన్నారు. బోర్డు మీద ఉన్నది చదివి, ఐదుంబావుకి అని చెప్పాను. ఆయన తృప్తిగా చేతి గడియారం చూసుకున్నారు. మా ఖర్మకొద్దీ ఆ రోజు బండి సరిగ్గా సమయానికి కదిలింది.

ఆడవాళ్ల పెట్టెలో నా పక్కన ఖాళీ పూలగంప ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ కూర్చుంది. నేను ప్రతి స్టేషన్లోనూ కిటికీలోంచి తల బయటపెట్టి ముందు పెట్టెల వైపు చూడటం గమనించి, "ఎవలమ్మా ఆయన? మీ సారా?" అని అడిగింది. జపాన్ నుంచి వచ్చారనీ, ఇక్కడి మాట రాదనీ చెప్పాను. "ఏం గాదు. మా పాలోళ్లు మంచోళ్లే, సూస్కుంటరు" అంది. ఆ మాటతో కాస్త ధైర్యం వచ్చింది గానీ నిలవలేదు. బేగంపేటలో మా పెట్టెలోంచే ఇద్దరు ఆడవాళ్లు ప్లాట్‌ఫారం వదిలేసి, అవతలివైపు పట్టాల మధ్యకు దూకారు. గేటు చుట్టూ తిరిగి పోవడం కంటే అదే దగ్గరట. అవతలి లైను మీద ఏ బండన్నా వస్తే ఏమిటని నేను అడిగితే, "వస్తే సప్పుడైతది గద" అంది పెద్దావిడ.

సనత్‌నగర్‌లో గూడ్సు బండిని వదలడానికి మమ్మల్ని నిలబెట్టారు. చాలాసేపు నిలబెట్టారు. మాలో ఎవరం గడియారం చూడలేదు, పాసింజర్ అంటేనే అంత. హఫీజ్‌పేట దాటాక రెండువైపులా రాళ్లగుట్టలు, సీతాఫలం పొదలు, అక్కడక్కడ కొత్త కాలనీల సరిహద్దు రాళ్లు. లింగంపల్లి ఇంకా రాకముందే, గుట్టల మధ్య బండి మళ్లీ ఆగింది. సిగ్నల్ ఇవ్వలేదు. "ఇగ రోజు గింతే" అని ఒకామె సంచి సర్దుకుని కంకర మీదికి దిగిపోయింది. చందానగర్ వైపు ఇళ్లున్న వాళ్లకు అదే స్టేషన్ అన్నమాట. అందరూ ఎడమవైపు దిగుతున్నారు, నేను కుడివైపు కిటికీ దగ్గర ఉన్నాను, ముందు పెట్టెల్లోంచి ఎవరు దిగిందీ నాకు కనబడలేదు. ఉన్నట్టుండి అవతలి లైను మీద ఎక్స్‌ప్రెస్ వచ్చిపడింది. పెట్టె మొత్తం ఊగింది, గాలికి నా కళ్లు మూతపడ్డాయి. దాని కూత మామూలుగా లేదు, ఆపకుండా కూస్తూ పోయింది. కాసేపటికి మా బండి కదిలింది.

లింగంపల్లి ప్లాట్‌ఫారం మీద దిగి ముందుకు పరుగెత్తాను. హిరానో గారి పెట్టె తలుపు దగ్గర తువ్వాలు పరిచిన క్యాను అలాగే ఉంది, ఆయన లేరు. పాలవాళ్లలో ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. "సారు గా సిగ్నల్ కాడ్నే దిగిండు గద మేడం. ఇది లింగంపల్లి గాదని మేం చెప్పినం. గడియారం సూపెట్టిండు. అందరికి వంగి దండం బెట్టిండు. మావోళ్లే చెయ్యిచ్చి దించిండ్రు" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఐదుంబావు అయింది, బండి ఆగింది, జనం దిగుతున్నారు. ముప్ఫై ఏళ్లుగా టైంటేబుళ్లు రాసిన మనిషికి ఇంకేం కావాలి? ప్లాట్‌ఫారం లేదన్న అనుమానం కూడా వచ్చి ఉండదు. మనవాళ్లు ప్లాట్‌ఫారం ఉన్నచోట కూడా పట్టాల మీదికే దిగడం ఆయన దారిపొడుగునా చూశారు.

స్టేషన్ మాస్టరు గదిలోకి పోయి సంగతి చెప్పాను. కోస్తా వైపు మనిషి, మెత్తగా మాట్లాడారు. నేను చెబుతుండగానే ఆయన ముఖం మారింది. "కూర్చోండమ్మా. ఇప్పుడే హఫీజ్‌పేట నుంచి ఫోనొచ్చిందండి. ఆ సిగ్నల్ దగ్గర ఏదో తగిలిందని ఎక్స్‌ప్రెస్ డ్రైవర్ చెప్పాడట" అన్నారు. ఏదో అంటే ఏమిటని అడిగాను. "మనిషో పశువో చెప్పలేదండి. మనిషిని పంపిస్తున్నాం" అన్నారు. నేను కూర్చోలేదు.

బయట యాదగిరి కారు తుడుస్తున్నాడు. నన్నొక్కదాన్నే చూసి, "సారేడ మేడం?" అన్నాడు. చెప్పాను. ఇంకో మాట అడక్కుండా కారు తీశాడు. బొంబాయి రోడ్డెక్కి, చందానగర్ దగ్గర ఎడ్లబండి దారిలోకి తిప్పాడు. "ఫికర్ జేయకుర్రి, ఏం గాదు" అని ఒకసారి అన్నాడు, తర్వాత అనలేదు. పెదవులు కదులుతున్నాయి, మైసమ్మను తలుచుకుంటున్నాడని తెలిసింది. నా పరిస్థితి మరీ సిగ్గుచేటు. నాకు వచ్చిన జపనీస్ మాటలన్నీ ఒక్కొక్కటే లోపల చెప్పుకుంటున్నాను. వాళ్లావిడకు ఫోను చేయాల్సి వస్తే ఏ మాట వాడాలి? క్లాసులో క్షమించండి నేర్పారు, బాగుంది నేర్పారు, రైలు ఎప్పుడు వస్తుంది నేర్పారు. పోయారు అన్న మాట నేర్పలేదు. ఆ మాట కోసం వెతుకుతున్నానని తెలియగానే కారు అద్దం దించి తల బయటపెట్టాను. నా జీవితంలో అంత భయపడ్డది లేదు, ఆ తర్వాత కూడా లేదు.

కారు వెళ్లే దారి గుట్టల దగ్గర ఆగిపోయింది. అక్కడి నుంచి నడక. పొద్దు గుంకుతోంది. రైలు కట్ట మీద జనం గుంపుగా కనబడ్డారు, ఒక ఆడమనిషి ఏడుపు వినిపిస్తోంది. నేను ఆగిపోయాను. యాదగిరి నా వైపు చూసి, "మీరిడ్నే ఉండుర్రి, నేను సూసొస్త" అని పైకెక్కాడు. అతను గుంపులోకి దూరి, వంగి, మళ్లీ లేచేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో చెప్పలేను.

"బర్రె మేడం. బర్రెనే" అని అక్కణ్నుంచే అరిచాడు.

నాకు సంతోషం ఆగలేదు. పైకెక్కి చూస్తే, చచ్చిపోయిన బర్రె పక్కన దాని యజమానురాలు తల పట్టుకుని ఏడుస్తోంది. ఆవిడ బతుకుతెరువు పోయింది. నేను దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. అది ఇప్పటికీ తలుచుకుంటే బాగుండదు. అప్పుడు మాత్రం అలాగే ఉన్నాను. కళ్లు తుడుచుకుని, తెల్లచొక్కా ఆయన, మన దేశం మనిషి కాదు, ఎవరైనా చూశారా అని అడిగాను. గడ్డిమోపు ఎత్తుకున్న ఒకామె చెయ్యి చూపించింది. "గా తాతనా? గాడ సిగ్నల్ కట్టె కాడ నిలవడ్డడు. గంటసేపాయె. రమ్మంటే రాడు. ఇటు దిక్కు సూడనే సూడడు."

హిరానో గారు సిగ్నల్ స్తంభం పక్కన మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. పిలిచాను. తిరగలేదు. దగ్గరికి వెళ్లి మళ్లీ పిలిచాను. ఈసారి తిరిగారు. నన్ను చూశారు, తల దించి నా చెప్పుల దాకా చూశారు, మళ్లీ ముఖం చూశారు. అక్కడే కంకర మీద కూలబడ్డారు. అన్ని రోజుల్లో ఎప్పుడూ చెయ్యి కలపని మనిషి నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"సుజాతా-సాన్" అన్నారు. మనం గారు అన్నట్టు వాళ్లు సాన్ అంటారు. "మీరు అటువైపు దిగారనుకున్నాను. బేగంపేటలో ఆడవాళ్లు పట్టాల వైపు దిగడం చూశాను. అంతలో ఆ బండి వచ్చింది. మన బండి పోయాక చూస్తే మీరు లేరు. జనమంతా పరుగెత్తారు. మీ పెట్టె ఆగిన చోటికే పరుగెత్తారు."

తప్పిపోయింది మీరు, నేను మీకోసం వెతుకుతున్నాను అని చెప్పబోయాను.

"వెళ్లి చూడాలని ఎన్నిసార్లు అనుకున్నానో. చూడలేకపోయాను" అన్నారాయన. "మీ ఇంట్లో వాళ్లకి ఏ భాషలో చెప్పాలా అని ఇక్కడే నిలబడి ఆలోచిస్తున్నాను."

నేను ఆయన పక్కనే కంకర మీద కూర్చుని బాగా ఏడ్చాను. యాదగిరి కొంచెం దూరంగా నిలబడి, మమ్మల్ని చూడనట్టు బీడీ వెలిగించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మియాపూర్ దగ్గర ఆగి టీ తాగాం. హిరానో గారు రెండు కప్పులు తాగారు. మేనేజరుకు ఫొటోలు బాగా వచ్చాయని చెప్పాం.

ఇప్పుడు ఆ లైను మీద కరెంటు బండ్లు తిరుగుతున్నాయి, హైటెక్ సిటీ పేరుతో స్టేషన్ ఉంది, ఆ గుట్టల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. హిరానో గారు చెప్పిన వరస ఇక్కడ తలకిందులుగా జరిగినా, జరిగింది. అటు వెళ్లినప్పుడల్లా నాకు భయం మాత్రం కొత్తగానే వస్తుంది. ఇన్నాళ్లూ నేను ఆ సాయంత్రాన్ని నా భయంగానే చెప్పుకుంటూ వచ్చాను, నాకు అప్పగించిన మనిషిని పోగొట్టుకున్నానన్న భయంగా. వయసు పెరిగాక ఆయన భయమే ఎక్కువ గుర్తొస్తోంది. ఊరు తెలియదు, మాట తెలియదు, తను ఎక్కడున్నదీ తెలియదు. అయినా ఆ మనిషి తన గురించి ఒక్క క్షణం కూడా భయపడలేదు. నన్ను వదిలి పోకూడదని అక్కడే నిలబడ్డారు.

మీరు వెళ్తే సాయంత్రం నాలుగు తర్వాతి రద్దీలో వెళ్లకండి, పగటిపూట బండ్లలో చోటు దొరుకుతుంది. తప్పనిసరై విడివిడి పెట్టెల్లో ఎక్కాల్సి వస్తే, మీ అతిథికి దిగాల్సిన టైము చెప్పకండి. నేను వచ్చి కిటికీ దగ్గర పేరు పెట్టి పిలిచేదాకా దిగొద్దని చెప్పండి. బండి ఆగిన ప్రతిచోటా వెళ్లి, ఇంకా రాలేదు, ఇక్కడే ఉన్నాను అని చెప్పి రండి.